కొండెక్కిన సొరచేప

పొద్దున్నే పాలు పోసిన టీ తాగి, గ్లాసు బోర్లించి, తుఫూల్ ఇసుకలోకి దిగుతుంది. ఎండబెట్టడానికి పరిచిన కవళ్ళ చేపలు రాత్రి తేమకి కాస్త మెత్తబడి ఉంటాయి. చెక్కపారతో వాటిని వరసగా తిరగేస్తుంది. కిందికున్న పొట్టలు వెండిలా మెరుస్తూ పైకొస్తాయి, పైనున్న వీపులు ఇసుక అంటుకుని కిందికి పోతాయి. గోలచేసే సముద్రపు పక్షుల్ని ఒక చేత్తో తోలుతూ, జారిపోయే తలగుడ్డని ఇంకో చేత్తో సర్దుకుంటూ, ఎండ ముదిరేలోగా ఆ పని ముగిస్తుంది.

ఆ చేపలు మనుషులు తినడానికి కాదు, ఆవులకి. వాళ్ళ ఊరు మిర్బాత్ వెనక కొండ మీద పచ్చగడ్డి ఉండేది కొద్దికాలమే. అది అయిపోయాక ఆవులు ఎండు కవళ్ళు తిని బతుకుతాయి. ఆ రోజుల్లో పాలకి కొంచెం సముద్రం వాసన వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఒడ్డు నుంచి చేపల బస్తా కొండెక్కుతుంది, కొండ నుంచి నెయ్యి తిత్తి దిగుతుంది. తాతల నాటి నుంచి అంతే. ఎవరూ తూచి చూడరు.

తుఫూల్ బస్తాలు వెళ్ళేది తోటికోడలు బఖీతా దగ్గరికి. అన్నదమ్ముల్లో పెద్దవాడు మహాద్ తండ్రిలాగే ఆవుల్ని నమ్ముకుని కొండ మీద ఉండిపోయాడు. చిన్నవాడు ముసల్లమ్ మేనమామల దారి పట్టి పడవెక్కాడు. పెద్దవాడికి కొండ పిల్ల బఖీతా, చిన్నవాడికి ఒడ్డు పిల్ల తుఫూల్. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఇంటికి కోడళ్ళయ్యారు. ఆ ఏడే తుఫూల్ గుండెల్లో చిన్న ముల్లు ఒకటి దిగింది. బఖీతా పంపిన నెయ్యి నాలిక్కి తగలగానే అత్తగారు కళ్ళు మూసుకునేది. తుఫూల్ వండిన చేప నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం ముళ్ళు వెతుక్కునేది. అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ ఆడదాని మనసులో ముల్లు దిగడానికి అంతకన్నా ఏం కావాలి?

బఖీతా చెడ్డది కాదు. అదే తుఫూల్‌కి మరీ కష్టంగా ఉండేది. తుఫూల్ తొలికాన్పుకి జ్వరమొచ్చి పడుంటే, కొండ మీదికి తీసుకెళ్ళి, సాంబ్రాణి పొగ వేసి, తేనె కలిపిన పాలు తాగించి నిలబెట్టింది బఖీతానే. లేచి తిరగగలిగాక ఒకరోజు చెయ్యి పట్టుకుని, బండల సందుల్లోంచి, మేడిచెట్టు వెనక ఎవరికీ కనబడని ఊట దగ్గరికి తీసుకెళ్ళింది. తడిమట్టిలో గుండ్రటి అడుగులు చూపించింది.

"నా చిరుత ఇక్కడే నీళ్ళు తాగుతుంది" అంది నెమ్మదిగా. "మీ బావగారికి కూడా చెప్పలేదు. నీకు చెప్పాలనిపించింది."

తుఫూల్ ఆ అడుగుల మీద అరచెయ్యి పెట్టి చూసింది. ఎంత బాగున్నాయి అనుకుంది. వెంటనే, ఇవి నావి కావు అనుకుంది.

తుఫూల్‌కి ఉన్నది సొరచేప.

ఏడాదికోసారి ఖరీఫ్, అంటే పొగమంచు కాలం, వస్తుంది. సముద్రం మీంచి పొగమంచు లేచి, ఊరినీ రోడ్డునీ ముంచేసి, కొండ నెత్తి దాకా నిండిపోతుంది. అది బాగా చిక్కబడ్డాక సొర నీళ్ళలోంచి పొగమంచులోకి వస్తుంది. నీళ్ళలో ఎలా ఈదుతుందో అందులోనూ అలాగే, తోక అటూ ఇటూ ఆడిస్తూ, మనిషి నడుమెత్తున ఈదుకుంటూ వస్తుంది. బళ్ళు దీపాలు వేసుకుని ఆగుతాయి, అది దాటాక కదులుతాయి. దుకాణాలవాళ్ళు గుమ్మానికి వేలాడేసిన గుడ్డలు లోపలికి తీసుకుంటారు, దాని గరుకు చర్మం రాసుకుంటే చిరుగుతాయని. ముసల్లమ్ పెరట్లో దండెం విప్పి చుట్టేస్తాడు. వాగు మూతి దగ్గరున్న వాళ్ళింటికే అది నేరుగా వస్తుంది. తుఫూల్ గుమ్మంలో గిన్నెడు పచ్చిచేపలు పెడుతుంది. తిని, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది.

అందుకే పొగమంచు ఉన్నన్నాళ్ళూ ఊళ్ళోగానీ కొండ మీదగానీ ఎవరూ ఆరుబయట మేకని కొయ్యరు. గదిలో కోసి, నెత్తురు మీద బూడిద పోసి తుడిచేస్తారు. నెత్తురు వాసన తగిలిందంటే సొర ఇక ఏ గుమ్మం దగ్గరా ఆగదు. ఈ సంగతి అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆ సొరని తుఫూల్ తండ్రి ఒకప్పుడు గాలానికి పట్టాడు. అప్పుడది చిన్నది, తుఫూల్ కూడా చిన్నదే. పడవ అంచు మీంచి వంగి, "నాన్నా, దీనికింకా ఆడుకునే వయసే" అందట. తండ్రి నవ్వి తాడు కోసేశాడు. గాలం ముల్లు మాత్రం పెదవి మూల ఉండిపోయింది, ముక్కెర పెట్టుకున్నట్టు. తుప్పు పట్టిన ఆ ముక్కెర చూసే ఇప్పటికీ గుర్తుపడుతుంది తుఫూల్. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. సొర మనిషిలాగే నింపాదిగా పెరుగుతుందని, ఈడొచ్చాక గానీ పిల్లల్ని కనదని తండ్రి చెప్పేవాడు.

అన్నీ ఇలా సాగుతుండగా రాజధాని నుంచి చిరుత కోసం మనుషులొచ్చారు.

కొండ మీద చిరుతలు దాదాపు అయిపోయాయట. మిగిలినవాటిని లెక్కపెట్టాలట. బండలకి కెమెరాలు కట్టారు. రోడ్డు మలుపులో పెద్ద బోర్డు పెట్టి, దాని మీద చిరుత మొహం వేయించారు, కళ్ళు తేనెరంగులో. బడిపిల్లలంతా చిరుత బొమ్మలు వేశారు. ఆ మనుషుల పెద్ద యాఖూబ్ నెలకోసారి బఖీతా ఇంట్లో టీ తాగి, తేనె నాకి, చిరుత కబుర్లు అడిగి రాసుకునేవాడు. ఊట సంగతి మాత్రం అతనికీ చెప్పలేదు బఖీతా. నవ్వి ఊరుకునేది.

ముసల్లమ్ బండిలో ఆ మలుపు దాటినప్పుడల్లా తుఫూల్ మొహం రెండోవైపుకి తిప్పుకునేది.

రేవులో చూస్తే సొరలు కూడా తగ్గిపోయాయి. పూర్వం వరసగా పడుకోబెట్టి, కోసి, ఉప్పు రాసి, తాళ్ళ మీద ఎండేసేవాళ్ళు. ఇప్పుడు ఒకటి దొరికితే చుట్టూ మూగుతున్నారు. దూరం నుంచి వచ్చే పెద్ద పడవలు రెక్కలు మాత్రం కోసుకుని, ప్రాణంతోనే మిగతాదాన్ని సముద్రంలో పడేస్తున్నాయని ముసల్లమ్ చెప్పాడు. అది కాళ్ళూ చేతులూ లేని మనిషిలా అడుక్కి దిగిపోతుందట. ఆ పూట తుఫూల్ అన్నం ముట్టలేదు. మర్నాడు రేవుకి వెళ్ళి చూసింది. దాని కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ కనబడలేదు. బోర్డు కూడా లేదు.

యాఖూబ్ కొండ దిగుతూ ఒకసారి వాళ్ళింటి దగ్గర ఆగాడు. ఖర్జూరాలూ కాఫీ పెట్టి, అతను రెండో గిన్నె అందుకునేదాకా ఓపికపట్టి, అప్పుడు అడిగింది తుఫూల్.

"మా దానికి కూడా ఓ కెమెరా కట్టకూడదా, బాబూ?"

అతను ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే ఆలోచించాడు. "సముద్రంలో ఉన్నంతసేపూ అది చేపల శాఖవాళ్ళదమ్మా. పొగమంచులోకి వచ్చాక ఎవరిదో నాకూ తెలీదు."

"కనుక్కుని చెప్పు మరి."

"కనుక్కుంటాను. కానీ చిరుత కళ్ళు చూస్తే జనం కరిగిపోతారమ్మా. సొర కళ్ళు చూసి..." అని ఖర్జూరం గింజ కోసం నోట్లో వెతుక్కున్నాడు.

"సొర కళ్ళు నువ్వెప్పుడైనా దగ్గర్నుంచి చూశావా?"

చూడలేదన్నాడు. తుఫూల్ కాఫీ కూజా లోపలికి తీసుకెళ్ళిపోయింది.

ఆ ఏడు పండక్కి అందరూ కొండ మీద చేరారు. మాంసం ఉడుకుతుంటే తోటికోడళ్ళిద్దరికీ మాటా మాటా పెరిగింది. పిల్లల గురించి గొప్పలు పోయే తల్లుల్లా మొదలుపెట్టారు. తన చిరుత ఈతకి ఒకటో రెండో కంటుందని, వాటిని తిండి సంపాదించుకునేదాకా వెంట తిప్పుకుంటుందని బఖీతా అంది. తన సొర ఏడాది పొడుగునా కడుపులో మోస్తుందని, నీ దానికి అంత ఓపికుందా అని తుఫూల్ అడిగింది. కొండమేకలు తగ్గిపోయి, పాపం తన చిరుత చిక్కిపోయిందంది బఖీతా. తన సొరకి చిక్కిపోవడానికి ప్రాణం మిగిలితే కదా అంది తుఫూల్. మగవాళ్ళు నవ్వుతూ వింటున్నారు. చివరికి బఖీతా గరిటె తిప్పుతూ, తమాషాకే,

"నీ సొర మీద జాలిపడాలంటే మనిషికి మొప్పలుండాలే" అంది.

అందరూ పడిపడి నవ్వారు. ముసల్లమ్ కూడా. అత్తగారు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. తుఫూల్ కూడా నవ్వింది. మాంసం బాగుందని చెప్పింది. దిగివచ్చేటప్పుడు బండిలో ముసల్లమ్ వైపు వీపు పెట్టి కూర్చుంది.

ఎండలు ముదిరి, కొండ పసుపుపచ్చగా ఎండిపోయిన రోజుల్లో ఆమెర్ వచ్చాడు. అతను కొండ మీద ఒంటెలు మేపుకునేవాడు. అతని ఒంటెపిల్లని చిరుత చంపేసింది. ఎండు కవళ్ళ కోసం వచ్చానన్నాడు గానీ చూపు చేపల మీద లేదు. ఆ చిరుతని వెతికీ వెతికీ కాళ్ళు అరిగిపోయాయన్నాడు. కెమెరాలవాళ్ళకీ దొరకదట, అతనికీ దొరకదట.

"అది నీళ్ళు తాగే చోటు ఒక్క బఖీతాకే తెలుసంటారు చెల్లీ. ఇంకో ప్రాణికి తెలీదట."

తుఫూల్ బస్తా మూతి కుడుతోంది. చేతిలో దబ్బనం ఆగింది. అతను ఏం చేస్తాడో ఆమెకి తెలుసు. పూర్వం కొండ మీద అందరూ చేసినదే. మేకని కోసి, లోపల విషం పెట్టి, దారిలో పడేస్తారు. అది తెలిసీ, ఒక్క బఖీతాకే అన్న మాట దగ్గర ఆమె మనసు చిక్కుకుపోయింది. ఆ చిరుత గురించి తనకీ ఒకటి తెలుసని ఈ లోకంలో ఒక్కడికైనా తెలియాలనిపించింది.

"ఎందుకు తెలీదు? నాకు తెలుసు" అంది. మేడిచెట్టు, దాని వెనక బండ, ఆ బండ వెనక ఊట, అన్నీ చెప్పింది.

ఆమెర్ ఇంకేమీ అడగలేదు. బస్తా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తుఫూల్ ఇంకో బస్తా తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. కుట్లు వంకరగా పడుతుంటే విప్పి మళ్ళీ కుట్టింది.

రెండు రోజుల తర్వాత పొద్దున, ఆమెర్ బండి వాగు దారిలో పైకి పోతుంటే చూసింది. వెనక ఒక మేక కట్టేసి ఉంది. ఆకాశం గాజులా ఉంది. ఖరీఫ్‌కి ఇంకా చాలా టైముంది. తుఫూల్ లోపలికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మధ్యాహ్నం ముసల్లమ్ పడవ మీదున్నాడు, పిల్లలు బళ్ళో ఉన్నారు. ఉన్నట్టుండి ఇల్లు చీకటిపడింది. బయటికొచ్చి చూస్తే సముద్రం లేదు. దాని చోట తెల్లటి గోడ ఒకటి నడుచుకుంటూ వస్తోంది. ఆ ఏడు పొగమంచు ముందే వచ్చేసింది. చూస్తుండగానే ఇసుక మీది కవళ్ళు మాయమయ్యాయి, దండెం మాయమైంది, పక్కింటి మేకల అరుపులు దూదిలో చుట్టినట్టు మెత్తబడ్డాయి. తుఫూల్ గబగబా గిన్నెలో పచ్చిచేపలు వేసి గుమ్మంలో పెట్టింది.

సొర వచ్చింది. ముందు పొగమంచు కాస్త వంగినట్టయింది, తర్వాత మొహం, తర్వాత ముక్కెర. ఈసారి పొట్ట నిండుగా, కిందికి దిగి ఉంది. కడుపుతో ఉందని చూడగానే తెలిసింది తుఫూల్‌కి. నిలబడినచోటే రెండు చేతులూ గుండెకి హత్తుకుంది. ఇంతకన్నా ఏం కావాలి, ఈ సంగతి బఖీతాకి ఎలా చెప్పాలా అనుకుంటూ ఉండగా, సొర గిన్నె వైపు చూడకుండా ఇంటి పక్క నుంచి సాగిపోయింది. వాగులోకి తిరిగింది. కొండ మీదికి పోయే దారి అది.

తుఫూల్ గుమ్మం దిగింది. నువ్వు కూడానా అనుకుంది. అత్తగారు, యాఖూబ్, బడిపిల్లలు, అందరూ అయిపోయారు. ఇప్పుడు నువ్వు కూడా బఖీతా గుమ్మానికే పోతున్నావా?

చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడింది. సొర తోక కొస ఒక్కటే కనబడుతోంది, అటూ ఇటూ ఊగుతూ. రాళ్ళెక్కుతూ, ముళ్ళపొదలు పట్టుకుంటూ, తిడుతూ నడిచింది. నా తండ్రి తాడు కోస్తేనే కదే నువ్వు బతికింది అని తిట్టింది. నీకోసం ఎంత మందితో మాటపడ్డానో తెలుసా అని తిట్టింది. వాగు రెండుగా చీలేచోట బఖీతా ఇంటికి ఎడమకి పోవాలి. సొర కుడికి తిరిగింది.

కుడి వైపు మేడిచెట్టు.

అప్పుడు గుర్తొచ్చింది తుఫూల్‌కి మేక సంగతి. ఆకాశం తేటగా ఉంది కదా అని ఆరుబయట కోసిన మేక. నెత్తురు.

తిట్లు ఆగిపోయాయి. పరుగెత్తింది. పొగమంచులో ఈదేదాన్ని కాళ్ళతో దాటడం ఎవరివల్లా కాదు, కానీ బండల దగ్గర సొర చుట్టూ తిరిగి రావాలి, మనిషి సందులోంచి దూరిపోవచ్చు. ఆ సందు బఖీతా చూపించిందే. మోచేతులు దోక్కుపోతుండగా దూరి, ఊట ముందు పడింది.

మేక అక్కడే ఉంది. మెడ తెగి, పొట్ట చీల్చి, మళ్ళీ మూసినట్టుంది. దానికి అవతల చిరుత.

ఇన్నేళ్ళుగా దాని మీద అసూయపడింది గానీ తుఫూల్ దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఎంతో పెద్దదనుకుంది. బోర్డు మీద మొహం ఇంటి తలుపంత ఉంది కదా. ఇది చిక్కిపోయి, ఒక చెవి చిరిగి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. మేక వైపు ఒక అడుగు వేసి, తుఫూల్‌ని చూసి ఆగింది. ఈలోగా మేడికొమ్మలు పక్కకి జరిగాయి. సొర వచ్చేసింది.

ఆలోచించడానికి టైము లేదు. తుఫూల్ వెళ్ళి మేక మీద కూర్చుంది.

కాళ్ళు ముడుచుకుని, బట్టలు పరిచి, పిల్లల్ని పొదిగే కోడిలా దాన్ని కప్పేసి కూర్చుంది. వెచ్చటి నెత్తురు బట్టల్లోంచి తొడలకి తగిలింది. చిరుత పళ్ళు చూపించింది. సొర ఆమె చుట్టూ తిరిగింది, ప్రతి తిరుగుడుకీ ఇంకాస్త దగ్గరగా. ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి కూడా. ఒకే బిందె కోసం ఒకేసారి చెయ్యి చాపిన ఇద్దరాడవాళ్ళు ఎలా చూసుకుంటారో అలా. రెంటి కళ్ళలోనూ ఒకటే ఆకలి.

"తినకండమ్మా" అంది తుఫూల్. "ఇద్దరూ తినకండి. ఇది మంచిది కాదు."

అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలీదు. కాళ్ళు మొద్దుబారిపోయాయి. అప్పుడు బండ సందులోంచి బఖీతా వచ్చింది. ఆవులు నీళ్ళకి రాకుండా బెదిరిపోతుంటే, ఏమైందో చూద్దామని వచ్చింది. ముందు చిరుతని చూసింది, తర్వాత సొరని చూసింది. తర్వాత మేకని, మేక మీద కూర్చున్న తోటికోడల్ని చూసింది. ఈ ఊట తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకామె నిలబడి ఉంది, ఇంకొకామె నెత్తుట్లో కూర్చుని ఉంది. అడగడానికి ఏమీ మిగల్లేదు.

బఖీతా మొహంలో రంగు పోయింది. తర్వాత దగ్గరికొచ్చింది.

"జరుగు" అంది.

తుఫూల్ జరిగింది. బఖీతా మేక రెండో కొస మీద కూర్చుంది. ఇద్దరూ వీపులు ఆనించుకుని, ఒకరు చిరుత వైపు, ఒకరు సొర వైపు చూస్తూ కూర్చున్నారు.

అంతలో నెత్తి మీద చిన్న నీలిముక్క కనబడింది. ముందే వచ్చిన పొగమంచు గట్టిది కాదు. సాయంకాలపు గాలికి పలచబడుతోంది. సొర కిందికి దిగింది, నిండు పొట్ట రాళ్ళకి రాసుకుంది. మొప్పలు వేగంగా ఆడుతున్నాయి. పొగమంచు తేలిపోతే అది ఈ కొండ మీద వట్టి చేప. అయినా నెత్తురు వదిలి కదలదు.

"నీ దాన్ని తీసుకుపో" అంది బఖీతా, వెనక్కి తిరక్కుండానే. "ఇక్కడ నేను చూసుకుంటాను."

"ఎలా రమ్మంటే వస్తుందక్కా?"

"నీ బట్టలు చూసుకో."

తుఫూల్ చూసుకుంది. నడుము నుంచి పాదాల దాకా నెత్తురే.

లేచి నిలబడింది. సొర మొహం ఆమె వైపు తిరిగింది.

"పరుగెత్తకు" అంది బఖీతా. "వెనక్కి చూడకు. నడు."

తుఫూల్ నడిచింది. పొగమంచు చిక్కగా మిగిలిన పల్లం వెంట, వాగు అడుగు పట్టుకుని నడిచింది. వెనక తోక ఊగే చప్పుడు, తడిగుడ్డ విదిలిస్తున్నట్టు. ఒకసారి ముక్కు పిక్కకి తగిలింది. ఒకసారి బట్ట చెంగు లాగినట్టయింది. బతిమాలుకోవాలనిపించింది, కానీ ఏ మొహం పెట్టుకుని? తన ఇల్లు దాటింది. గుమ్మంలో గిన్నె అలాగే ఉంది. ఇసుక మీది కవళ్ళు తొక్కుకుంటూ పోయింది. నీళ్ళు మడమలకి తగిలాయి, మోకాళ్ళకి, నడుముకి. అక్కడ ఆగి కళ్ళు మూసుకుంది.

గరుకైనదేదో తొడ పక్క నుంచి బలంగా రాసుకుంటూ పోయింది. చర్మం లేచిపోయింది. మంట. కళ్ళు తెరిచేసరికి నీళ్ళ మీద ఒక్క రెక్క, అదీ మునిగింది. పొగమంచు విడిపోయి వెనక కొండంతా ఎండలో కనబడింది.

బఖీతా ఆ మేకని బండల కింద పూడ్చి, పైన రాళ్ళు పేర్చింది. ఒంటెపిల్లని పోగొట్టుకున్నది ఎవరో ఆమెకి తెలుసు. మర్నాడు ఆమెర్ ఇంటికి వెళ్ళి, అతని భార్య పోసిన టీ తాగి, తన మందలోని మంచి పెయ్యని వాళ్ళ గుమ్మానికి కట్టేసి వచ్చింది. ఆమెర్ ఆ తర్వాత ఊట వైపు వెళ్ళలేదు. ఎవరు చెప్పారని బఖీతా ఎవరితోనూ అనలేదు. కానీ ఆ ఏడు నెయ్యి తిత్తి కొండ దిగలేదు.

తుఫూల్ చేపల బస్తాలు పంపుతూనే ఉంది. ఖాళీ బస్తాలు నీటుగా మడిచి తిరిగి వచ్చేవి, మడతల్లో ఏమీ ఉండేది కాదు. అత్తగారు నెయ్యేదని అడిగితే ఆవులు వట్టిపోయాయంది. తొడ మీద గాయం మాని, ఆ చోట చర్మం గరుకుతేలి ఉండిపోయింది, సొర వీపులా. రోడ్డు మలుపులో బోర్డు కనబడితే ఇప్పటికీ మొహం తిప్పుకునేది. అది కుళ్ళో సిగ్గో ఆమెకే తెలియలేదు.

మళ్ళీ ఖరీఫ్ వచ్చింది. ఈసారి దాని టైముకే వచ్చింది. పొగమంచు చిక్కబడిన రోజు తుఫూల్ గిన్నె పెట్టి, రాదేమో అనుకుంటూ కూర్చుంది. వచ్చింది. ముక్కెర, ఆ వెనక చిన్న రెక్క ఇంకొకటి. మూరెడు పిల్ల, తల్లి పొట్ట కింద దాక్కుంటూ. తుఫూల్ పరుగున వెళ్ళి ఇంకో గిన్నె తెచ్చి పెట్టింది.

అలా చూస్తూ ఉండగా వాగు వైపు నుంచి ఎవరో వస్తున్న చప్పుడైంది. బఖీతా. చంకలో నెయ్యి తిత్తి. తిత్తి గోడకి ఆనించి, నిలబడి చూసింది. పిల్ల చేప గిన్నెలో మూతి పెట్టి, తియ్యడం చేతకాక గిన్నెతో సహా పైకి లేస్తోంది. బఖీతా చాలాసేపు నవ్వలేదు.

"నా దానికి మగతోడు లేక ఎన్నాళ్ళయిందో" అంది చివరికి. "కొండంతా అరుస్తూ తిరుగుతుంది. బదులు పలికేవాళ్ళు లేరు. కెమెరాలన్నీ చూసి చెప్పాడు యాఖూబ్, ఈ పక్కంతా అదొక్కటేనట." ఆగి అంది, "నీ దానికి పిల్ల."

ఆ గొంతులో ఉన్నదేమిటో తుఫూల్‌కి వెంటనే తెలిసింది. తన ఇంటి తలుపు కిర్రుమన్నా అంత బాగా గుర్తుపట్టదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ గొంతు కోసమే కాచుకుని ఉంది. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మెట్టు మీద జరిగింది.

"కూర్చో అక్కా."

బఖీతా కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగిలాయి. తల్లి సొర ఇంటి చుట్టూ తిరిగి సముద్రం వైపు మళ్ళింది. పిల్ల మళ్ళలేదు. తిత్తిలోంచి వస్తున్న నేతివాసన ఏమనిపించిందో, బఖీతా బట్టల్లో ఇంకిన చిరుత వాసన ఏమనిపించిందో, వాగులోకి తిరిగింది. కొండ వైపు. బఖీతా తుఫూల్ మొహం చూసింది. పిలిస్తే ఆగేది. తుఫూల్ పిలవలేదు.

"నీ గుమ్మంలోనూ ఓ గిన్నె పెట్టు" అంది. "పొగమంచు పలచబడకముందే పంపించెయ్యి."

ఆ ఖరీఫ్ పొడుగునా చిన్న సొర పొద్దున కొండెక్కి మధ్యాహ్నానికి దిగివచ్చేది. ఊట దగ్గర చిరుత ఒక పక్క, అది ఒక పక్క. చిరుత అరవడం మానేసిందని మహాద్ చెప్పాడు. బఖీతానే యాఖూబ్‌ని పిలిచి, మేడిచెట్టు వెనక ఒక కెమెరా కట్టించింది. వచ్చిన ఫోటో చూసి అతను కాసేపు ఆలోచించి, కింద "చిరుత, తోడుతో" అని రాసుకున్నాడు. ఏ శాఖ తోడో రాయలేదు.

పాత బోర్డు ఎండకి వెలిసిపోతే ఆ ఫోటోతోనే కొత్తది పెట్టారు. చిరిగిన చెవితో చిరుత, దాని వెనక మసగ్గా బూడిదరంగులో చిన్న రెక్క. మలుపు దగ్గర ముసల్లమ్ తనంతట తనే బండి నెమ్మది చేశాడు. తుఫూల్ ఈసారి మొహం తిప్పుకోలేదు. బోర్డు వెనక్కి పోయేదాకా మెడ చాచి చూసింది.

"అయినా మధ్యలో చిరుతనే పెట్టారు చూడు" అంది.